ఇన్వాయిస్ మీద "గన్" అని రాస్తే చాలదు

(విజయవాడ ఆటోనగర్‌లో పనిముట్ల వ్యాపారుల సమావేశంలో ఒక కస్టమ్స్ బ్రోకర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

నన్ను పిలిచినాయన "డ్యూటీ రేట్లు చెప్పండి, చాలు" అన్నారు. రేట్లు చెప్పడానికి నేనెందుకండీ, ఫోన్లో వెతికితే దొరుకుతాయి. ఆ రేటు పక్కన ఉండే, సరుకు ఏ రకమో చెప్పే 8 అంకెల కోడ్ మీ సరుక్కి వర్తిస్తుందా లేదా అన్న దగ్గరే తగువంతా వస్తుంది. అందుకని ఈ పూట ఆ కోడ్ గురించే మాట్లాడతాను. అదీ చేత్తో పట్టుకుని కంప్రెసర్ గాలితో నడిపే పనిముట్ల వరకే. ఆటోనగర్‌లో నట్లు విప్పే ఇంపాక్ట్ రెంచ్ లేని షెడ్డు లేదు. చీమకుర్తి నుంచి క్వారీవాళ్లు కూడా వచ్చినట్టున్నారు, కాబట్టి జాక్ హ్యామర్ సంగతీ చూద్దాం.

కోడ్‌లో మొదటి 6 అంకెలూ ప్రపంచమంతటికీ ఒకటే, వాటినే హెచ్ఎస్, అంటే హార్మొనైజ్డ్ సిస్టమ్ అంటారు. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ వాటిని నడుపుతుంది, 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. చివరి 2 అంకెలు మన దేశం చేర్చుకున్నవి. ఇంతకు మించి చరిత్ర మీకు అక్కర్లేదు.

కోడ్‌లో మొదటి 2 అంకెల్ని చాప్టర్ అంటారు, మొదటి 4 అంకెల్ని హెడింగ్ అంటారు. మన పనిముట్లు ఉండే హెడింగ్ 8467. దానిలో ఏం రాసుందంటే: చేత్తో పట్టుకుని పనిచేసే పనిముట్లు, గాలితోగానీ హైడ్రాలిక్ ఒత్తిడితోగానీ నడిచేవి, లేదా తమలోనే మోటారు ఉన్నవి. అంతే. ఇందులో బ్రాండు లేదు, ధర లేదు, గ్యారేజీలో వాడతారా ఇంట్లో వాడతారా అన్నది లేదు. ఆ వాక్యాన్ని ముక్కలు చేసుకుంటే మనకి మూడు ప్రశ్నలు వస్తాయి. చేత్తో పట్టుకునేదేనా? దాన్ని నడిపేదేమిటి? అది చేసే పని ఏమిటి? ఎవరు ఏ కేటలాగ్ తెచ్చినా నేను ముందు అడిగేది ఈ మూడే.

చెయ్యి దగ్గర మొదలుపెడదాం. "సార్, ఇది 25 కేజీలుంది, చేత్తో పట్టుకునేది ఎలా అవుతుంది?" అని అడుగుతారు. బరువొక్కటే తేల్చదండీ. హెచ్ఎస్ వివరణల్లో స్పష్టంగా ఉంది: పని జరుగుతుండగా మనిషి ఎత్తి జరపగలిగి, చేత్తోనే అదుపు చేస్తూ నడిపించేలా తయారై ఉంటే అది 8467లోకే వస్తుంది. చెయ్యి నొప్పి పుట్టకుండా పైనుంచి గొలుసుతో వేలాడదీసినా, కింద ఎయిర్ లెగ్ పెట్టినా ఫర్వాలేదు. అదే బల్లకో గోడకో నేలకో బిగించడానికి బేస్ ప్లేటుతో వస్తే అది ఎంత చిన్నదైనా ఇక్కడికి రాదు. పట్టాల మీద నడిచేవీ రావు. చక్రాలుండి రెండు చేతులతో తోసుకుంటూ పోయే నేల గ్రైండింగ్ మెషీన్ కూడా ఈ హెడింగ్‌కి బయటిదే.

క్వారీవాళ్లు ఇక్కడ కొంచెం చెవి ఒగ్గండి. క్వారీలో మెట్టులా కోసిన బెంచి మీద నిలబడి మనిషి పట్టుకుని రంధ్రం వేసే జాక్ హ్యామర్ 8467. అదే పనిని క్రాలర్ మీద కూర్చున్న డ్రిల్ రిగ్ చేస్తే 8430, ఎందుకంటే దాన్ని ఏ మనిషీ చేత్తో పట్టుకోలేడు. రాయి అదే, రంధ్రమూ అదే, హెడింగ్ మాత్రం మారిపోయింది.

రెండోది, నడిపేదేమిటన్న ప్రశ్న. న్యూమాటిక్ అంటే గాలి బయటి కంప్రెసర్ నుంచి పైపులో వచ్చి పనిముట్టు లోపలి రోటర్‌నో పిస్టన్‌నో కదిలిస్తుంది. ఇప్పుడు మీ షాపుల్లో బ్యాటరీ ఇంపాక్ట్ రెంచులు కూడా వచ్చేశాయి కదా. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. విప్పే నట్టు కూడా ఒకటే. కానీ బ్యాటరీది 8467 29, గాలిది 8467 11. 2002 దాకా కరెంటు మోటారున్న హ్యాండ్ టూల్స్ అసలు ఈ హెడింగ్‌లోనే లేవు, 8508లో ఉండేవి. ఇప్పటికీ ఎక్కడో పాత కంప్యూటర్ ఫైలు తీసి 8508 అని రాసే సప్లయర్లు ఉన్నారు. ఇవాళ 8508 అంటే వాక్యూమ్ క్లీనర్ అండీ.

మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. అది చేసే పని ఏమిటి?

మన గ్యారేజీ భాషలో చేత్తో పట్టుకునేదల్లా గన్నే. నట్లు విప్పేదీ గన్నే, రంగు కొట్టేదీ గన్నే, గ్రీజు పెట్టేదీ గన్నే, చెక్కలోకి మేకు దించేదీ గన్నే. మాటకేం, వాడుకోండి. కానీ ఇన్వాయిస్ మీద "ఎయిర్ గన్" అని రెండే మాటలు రాస్తే ఏమవుతుందో చూడండి. రంగు కొట్టే స్ప్రే గన్ 8424లో ఉంది. దానికీ గాలే కావాలి, అదీ చేత్తోనే పట్టుకుంటారు, అయినా 8467 కాదు, ఎందుకంటే ద్రవాన్నీ పొడినీ చిమ్మే పరికరాలకి 8424 అని విడిగా హెడింగ్ ఉంది. ఇసుక చిమ్మి తుప్పు వదిలించే బ్లాస్టింగ్ గన్ కూడా అక్కడే. గ్రీజు గన్ అయితే ఇంకా తమాషా. చేత్తో లివర్ నొక్కేది 8205, గాలితో నడిచేది 8467. మన టారిఫ్‌లో, అంటే దేశపు సుంకాల పట్టికలో, 8205 59 10 దగ్గర "గ్రీజు గన్లు, గాలితో నడిచేవి తప్ప" అని రాసే పెట్టారు. మేకులు దించే నెయిలర్ గాలిది అయితే 8467 19. తూటా పేల్చి మేకు దించే పనిముట్టు 8205. ఇక నిజంగానే పెల్లెట్లు పేల్చే ఎయిర్ గన్ ఉందే, అది 9304. అంటే ఆయుధాల చాప్టర్. ఆ రెండు మాటలు చూసి ఆఫీసర్‌కి ఆయుధం గుర్తొస్తే ఆయన తప్పేముంది?

ఇక 8467 లోపలికి వద్దాం. గాలి పనిముట్లు ఇక్కడ రెండు చీలికలు. 8467 11 అంటే తిరిగేవి, తిరుగుతూ కొట్టేవి కూడా కలుపుకుని. 8467 19 అంటే మిగతావన్నీ. గ్రైండర్, శాండర్, స్క్రూ డ్రైవర్, గ్రానైట్ పాలిషర్ తిరిగేవి, గొడవ లేదు. ఇంపాక్ట్ రెంచ్ లోపల వేన్ మోటారు తిరుగుతుంది, ఆ తిరుగుడుతోనే లోపలి సుత్తి, నట్టుని తిప్పే ఇరుసు అయిన ఆన్విల్ మీద దెబ్బ మీద దెబ్బ వేస్తుంది. అదీ 11 కిందికే, 8467 11 90. తుప్పు రాల్చే నీడిల్ స్కేలర్, వెల్డింగ్ మచ్చలు చెక్కే చిప్పింగ్ హ్యామర్, ఫౌండ్రీలో ఇసుక దట్టించే రామర్, ఇవన్నీ ముందుకీ వెనక్కీ కొట్టేవే కాని తిరగవు. కాబట్టి 8467 19 00.

మన టారిఫ్‌లో ఇక్కడొక గుంట ఉంది. 8467 11 కింద మూడు లైన్లున్నాయి: 10 డ్రిల్లులు, 20 హ్యామర్లు, 90 ఇతరములు. "హ్యామర్లు" అన్న మాట కనపడగానే చిప్పింగ్ హ్యామర్ తీసుకెళ్లి 8467 11 20లో పెట్టేస్తారు. పేరు కలిసింది కదా అని. కానీ ఆ లైను ఉన్నది తిరిగే రకం కింద. పై మెట్టు దాటకుండా కింది మెట్టు మీదికి దూకడానికి రూల్స్ ఒప్పుకోవు. ముందు హెడింగ్, తర్వాత 6 అంకెలు, ఆ తర్వాతే 8. చిప్పింగ్ హ్యామర్ తిరగదు కాబట్టి 11 గడపే దాటలేదు.

మరి జాక్ హ్యామర్? చాలామంది దీన్ని కొట్టేదే అనుకుంటారు. క్వారీలో రాక్ డ్రిల్లింగ్‌కి వాడేదాన్ని విప్పి చూడండి. పిస్టన్ కొడుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు రైఫిల్ బార్, ర్యాచెట్ కలిసి రాడ్‌ని కొంచెం తిప్పుతాయి. అలా తిరక్కపోతే రంధ్రం గుండ్రంగా రాదు, ఉలి ఒకేచోట ఇరుక్కుపోతుంది. కాబట్టి అది తిరుగుతూ కొట్టేది, 8467 11. రోడ్డు కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్‌లో ఉలి తిరగదు, 8467 19. మన దగ్గర రెండింటినీ జాక్ హ్యామర్ అనే అంటారు. క్వారీదాన్ని 11 కింద డ్రిల్లుల్లో పెట్టాలా, హ్యామర్లలో పెట్టాలా అంటే, నా మటుకు డ్రిల్లే అంటాను, దాని పని రంధ్రం వేయడం కాబట్టి.

ఇక్కడ ఎవరో నవ్వుతున్నారు. "11 అయినా 19 అయినా బేసిక్ డ్యూటీ 7.5 శాతమే కదా, ఎందుకీ గోల" అనేగా? నిజమే, డ్యూటీ ఒకటే. 7.5 బేసిక్, ఆ బేసిక్ మీద 10 శాతం సర్‌చార్జి, సరుకు విలువతో ఈ రెండూ కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ. లక్ష రూపాయల సరుక్కి 27,735. కానీ ఎగుమతి చేసేవాళ్లకి, ఎఫ్‌టీఏ, అంటే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లాభం కోరేవాళ్లకి ఆ అంకెలే ప్రాణం. ఆ సంగతికి వస్తాను. అంతకంటే ముందు దగ్గరలోనే రేటు మారేవి ఉన్నాయి.

సాకెట్లు, అంటే రెంచ్ చివర తగిలించి నట్టు మీద కూర్చోబెట్టేవి. ఇంపాక్ట్ రెంచ్‌తో వచ్చే సాకెట్లు విడిగా తెస్తే 8204 20. చాప్టర్ 82, బేసిక్ 10 శాతం. లక్షకి 30,980 అవుతుంది. అదే ఒక రెంచ్, పది సాకెట్లు, చిన్న నూనె బుడ్డి ఒక ప్లాస్టిక్ కేసులో అచ్చు గుంటల్లో కూర్చుని, కొన్నవాడు విప్పి వాడుకునేలా ఉంటే? అప్పుడది సెట్టు. సెట్టుకి ప్రాణం రెంచ్ కాబట్టి మొత్తం 8467 11 90. ఆ కేసుకి కూడా విడి కోడ్ అక్కర్లేదు, సెట్టుతో పాటే పోతుంది. కానీ రెంచులు ఒక కార్టన్‌లో, సాకెట్లు ఇంకో కార్టన్‌లో టోకున వచ్చి, మీ గోడౌన్‌లో కలిపి ప్యాక్ చేస్తామంటే అది సెట్టు కాదు. సెట్టు అన్నది బోర్డర్ దాటేటప్పటికే సెట్టుగా ఉండాలి.

డ్రిల్ బిట్లు, ఉలులు, రాక్ డ్రిల్ రాడ్‌లు 8207. గ్రైండింగ్ చక్రాలు 6804, ఎమెరీ కాగితం 6805. వైరు బ్రష్‌లు 9603. పనిముట్టుతో వస్తున్నాయి కాబట్టి పార్టులే అనుకోకండి, ఇవి పార్టులు కావని టారిఫ్‌లో యంత్రాల భాగమైన సెక్షన్ 16 నోట్సే బయటికి పంపేశాయి. స్పేర్ల సంగతి కూడా అంతే. రోటర్, సిలిండర్, ఆన్విల్, ఆ పనిముట్టుకి తప్ప ఇంకెందుకూ పనికిరానివి కాబట్టి 8467 92. దాంట్లోనే ఉన్న బేరింగ్ 8482. రబ్బరు ఓ-రింగ్ 4016. స్క్రూ 7318, స్ప్రింగ్ 7320. కంప్రెసర్ 8414. రిపేర్ కిట్ పేరుతో ఇవన్నీ ఒక కవర్లో వస్తే కొంచెం తల గీక్కోవాల్సిందే, అప్పుడు నాకు ఫొటో పంపండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీ సరుకు విశాఖ పోర్టులో దిగుతుంది. హైదరాబాద్ సనత్‌నగర్‌లో కంటెయినర్లు దింపే ఐసీడీ డిపోకి కూడా రావచ్చు. కానీ దాని దిగుమతి పత్రం, అదే బిల్ ఆఫ్ ఎంట్రీ, చూసే ఆఫీసర్ ఇంకో ఊళ్లో ఉంటాడు. ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ అనే ఈ పద్ధతి 2020 జూన్ 8న చెన్నై, బెంగళూరుల్లో మొదలైంది, మొదలైంది కూడా మన 84, 85 చాప్టర్ల సరుకుతోనే. అదే ఏడాది అక్టోబరు ఆఖరుకి దేశమంతా వచ్చేసింది. పూర్వం పెట్టె విప్పి చూపించి "అయ్యా, ఇదండీ, ఇలా తిరుగుతుందండీ" అనేవాళ్లం. ఇప్పుడు ఆయనకి కనపడేది మీరు రాసిన ఒక లైను, కస్టమ్స్ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-సంచిత్‌లో ఎక్కించిన కాగితాలు. అంతే. మీ వస్తువు ఆయన కంటికి ఆనాలంటే ఆ లైనులోనే ఆనాలి.

"ఎయిర్ టూల్, అర అంగుళం, 500 పీసులు" అని రాశారనుకోండి. ఆయనకేం తెలుస్తుంది? క్వెరీ పెడతాడు. మీరు జవాబు ఇచ్చేలోపు సరుకు ఆగినందుకు కట్టే డెమరేజ్ నడుస్తుంది. ఇలా రాయండి: "చేత్తో పట్టుకుని వాడే న్యూమాటిక్ ఇంపాక్ట్ రెంచ్, రోటరీ వేన్ మోటారు, బయటి కంప్రెసర్ గాలితో నడిచేది, పని ఒత్తిడి 6.3 బార్, అర అంగుళం చదరపు డ్రైవ్, ఫలానా మోడల్, సాకెట్లు లేకుండా." మూడు ప్రశ్నలకీ జవాబు ఆ ఒక్క లైనులో ఉంది. చెయ్యి ఉంది, గాలి ఉంది, తిరుగుడు ఉంది. వెంట లోపలి భాగాలు విడివిడిగా చూపించే బొమ్మ ఉన్న కేటలాగ్ పేజీ పెట్టండి. బ్రోచర్ మీద నవ్వుతున్న మెకానిక్ ఫొటో ఎందుకూ పనికిరాదు.

దీనికి చట్టం తరఫు కారణం కూడా ఉంది. 2011 నుంచి మనది సెల్ఫ్ అసెస్‌మెంట్. కోడ్ వేసే బాధ్యత దిగుమతిదారుదే. తర్వాత ఆడిట్‌లో కోడ్ తప్పని తేలితే, కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 కింద మామూలుగా రెండేళ్ల వెనక్కి డ్యూటీ అడుగుతారు. దాచారు, కావాలని తప్పు చెప్పారు అని రుజువైతే ఐదేళ్లు వెనక్కి పోతారు, పైగా డ్యూటీకి సమానమైన పెనాల్టీ. వడ్డీ ఏడాదికి 15 శాతం. రెండేళ్లా ఐదేళ్లా అన్నది దేని మీద తేలుతుంది? మీ వర్ణన నిజమా కాదా అన్న దాని మీదే ఎక్కువగా. 1998లో నార్తర్న్ ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట: సరుకును సరిగ్గా వర్ణించి, ఇది ఫలానా కోడ్ కిందికి వస్తుందని నమ్మి అడగడం తప్పుడు డిక్లరేషన్ కాదు. అంటే వర్ణన సరిగ్గా ఉంటే కోడ్ తప్పినా అది అభిప్రాయ భేదంగానే మిగులుతుంది. వర్ణన చెడితే కోడ్ కరెక్టయినా అనుమానం మీ మీదే.

ఎగుమతి సంగతి. 6 అంకెల దాకా మీ కోడ్, అమెరికాలో కొనేవాడి కోడ్ ఒకటే కావాలి. ఆపైన ఎవరి దారి వాళ్లది. అమెరికా టారిఫ్ 8467 11ని లోహం పనికి పనికొచ్చేవి, ఇతరములు అని రెండుగా చీల్చింది. మొదటిదాని మామూలు రేటు 4.5 శాతం, రెండోదానికి సున్నా. ఈమధ్య వేసిన అదనపు సుంకాలు వేరే లెక్క. మరి గ్రానైట్ పాలిషర్ ఎగుమతి చేసేవాడు "పాలిషర్" అని ఊరుకుంటే? రాయికో ఇనుముకో కొనేవాడి ఆఫీసర్‌కి ఎలా తెలుస్తుంది? రాతి పని అని రాయండి, నిజమైతేనే.

ఎఫ్‌టీఏ కింద ఇంకో మెలిక ఉంది. పార్టులు తెచ్చుకుని ఇక్కడ రెంచులు బిగించి పంపేవాళ్లు దీన్ని రాసుకోవాలి. కొన్ని ఒప్పందాల్లో "4 అంకెల హెడింగ్ మారితేనే మీ దేశపు సరుకు" అని ఉంటుంది. గాలి పనిముట్టు 8467, దాని పార్టులు కూడా 8467. మీరెంత బిగించినా హెడింగ్ మారదు! అదే ఆగ్నేయాసియా దేశాలతో ఉన్న ఆసియాన్ ఒప్పందంలో మామూలు నియమం 6 అంకెలు మారి, 35 శాతం విలువ ఇక్కడిదై ఉండాలి. 8467 92 నుంచి 8467 11కి వస్తే 6 అంకెలు మారాయి, ఆ సగం గట్టెక్కినట్టే. కొటేషన్ ఇవ్వకముందే ఒప్పందంలో ఆ లైను చదవండి. ఆ ఒప్పందాలున్న దేశాల నుంచి దిగుమతి చేసుకునేవాళ్లకి కూడా, సరుకు ఏ దేశపుదో తేల్చే 2020 కారోటార్ రూల్స్ వచ్చాక ఒరిజిన్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, సరుకు అక్కడ ఎలా తయారైందో మీ దగ్గర సమాచారం ఉండాలి. తైవాన్ సరుక్కి ఈ బాధ లేదు, ఎందుకంటే మనకి వాళ్లతో ఎఫ్‌టీఏనే లేదు, నిండు డ్యూటీ కట్టడమే.

ఇక అడగండి.

(సభలో ఒకరు: సప్లయర్ వాడి ఇన్వాయిస్ మీద కోడ్ వేసి పంపాడు. అదే వేస్తే పోదా?)

వాడి కోడ్ వాడి ఎగుమతి కోసం వేసుకున్నదండీ. మన ఆఫీసర్‌ని అది కట్టేయదు, మిమ్మల్ని కాపాడదు. ఒక సూచనగా చూడండి. మనం లెక్కగట్టినదానికీ వాడిదానికీ మొదటి 6 అంకెలు తేడా వస్తే, ఎందుకు అలా వేశావని వాడికి మెయిల్ పెట్టండి. కొన్నిసార్లు వాడికే తెలిసిన విషయం ఉంటుంది, లోపల మోటారు మనం అనుకున్న రకం కాకపోవచ్చు.

(మరొకరు: జాక్ హ్యామర్‌తో ఎయిర్ లెగ్, రాడ్‌లు కూడా ఒకే బిల్లులో వస్తే?)

ఎయిర్ లెగ్ ఆ డ్రిల్‌తో కలిసి వస్తే దాంతోపాటే పోతుంది. రాడ్‌లు మాత్రం 8207, వాటికి వేరే లైను వేయండి. ధర కూడా వేరుగా చూపించమని సప్లయర్‌కి ముందే చెప్పండి. మొత్తానికి ఒకే ధర వేసి పంపితే తర్వాత విడగొట్టడానికి మీరూ నేనూ ఆఫీసరూ ముగ్గురం కుస్తీ పట్టాలి.

(ఒక మహిళ: ఏడాదికి చాలా కంటెయినర్లు తెస్తాం. ప్రతిసారీ ఇదే క్వెరీ వస్తోంది. దారేదైనా ఉందా?)

ఉందమ్మా. అడ్వాన్స్ రూలింగ్, అంటే ఏ కోడో ముందుగానే తేల్చి చెప్పే నిర్ణయం, తెచ్చుకోండి. సెక్షన్ 28హెచ్ కింద ఢిల్లీలోగానీ ముంబైలోగానీ ఉన్న అథారిటీకి దరఖాస్తు చేస్తారు. ఫీజు 10,000 రూపాయలు. మూడు నెలల్లో చెప్పాలని చట్టం. వచ్చిన రూలింగ్ మూడేళ్లు చెల్లుతుంది, ఈలోపు చట్టం మారకపోతే. అది మీకూ, మీ సరుకు చూసే కస్టమ్స్ అధికారులకీ మాత్రమే కట్టుబాటు. పక్క షాపాయన తెచ్చుకున్న రూలింగ్ చూపించి నాకూ ఇవ్వండంటే కుదరదు, వాదనకి పనికొస్తుంది అంతే. అప్పటిదాకా ఓడ ఆగదు కాబట్టి సెక్షన్ 18 కింద ప్రొవిజనల్ అసెస్‌మెంట్, అంటే తాత్కాలికంగా డ్యూటీ లెక్కగట్టమని, అడిగి, బాండు ఇచ్చి సరుకు విడిపించుకోవచ్చు.

(వెనక నుంచి ఒక యువకుడు: పళ్ల డాక్టరు డ్రిల్ కూడా గాలితోనే తిరుగుతుంది, చేత్తోనే పట్టుకుంటారు. అదీ 8467 11 10యేనా సార్?)

బాగా పట్టుకున్నావు బాబూ. మూడు ప్రశ్నలకీ అవుననే జవాబు వస్తుంది, అయినా కాదు. చాప్టర్ 90 వస్తువులు మన సెక్షన్ 16లోకి రావని నోట్ 1లోనే ఉంది. పళ్ల వైద్యం పరికరాలు 9018. కాబట్టి మూడు ప్రశ్నలకంటే ముందు సెక్షన్ నోట్లు ఒకసారి చదవాలి. నువ్వు అవి దిగుమతి చేస్తున్నావా? అయితే మెడికల్ డివైస్ రూల్స్ వేరే ఉంటాయి, ఆ కేటలాగ్ పట్టుకుని టీ దగ్గర కలువు.